పగలంతా వచ్చే బ్యాటరీ

జూన్ 4

అక్కకి,

నువ్వు కులాసాగా ఉన్నావని నాకు నేనే చెప్పుకుని మొదలుపెడుతున్నాను. కవరు మీద నా చేతిరాత చూడగానే "వీడికేదో అవసరం పడింది" అనుకుంటావు. అనుకో. నిజమే.

నా ఉద్యోగం ఏమిటో బావకి ఇప్పటికీ అర్థం కాలేదని మొన్న రాశావు. ఈ ముక్క చదివి వినిపించు. మా ఎయిర్‌ఫీల్డులో చిన్న విమానాలు దిగుతాయి. రన్‌వే పక్కన గడ్డిలో పక్షులు మేస్తుంటాయి. విమానం వచ్చే వేళకి అవి గుంపుగా లేచాయంటే ఇంజిన్‌లో పడతాయి. అందుకని డేగ ఆకారంలో చేసిన చిన్న మోడల్ విమానాన్ని నేను రేడియోతో ఎగరేస్తాను. దాన్ని చూసి పక్షులు పారిపోతాయి. మెడకి పట్టీ తగిలించుకుని, ట్రాన్స్‌మిటర్ పెట్టె చేత్తో పట్టుకుని, దాని మీదున్న రెండు పుల్లలూ కదుపుతూ ఆకాశంకేసి చూడటమే పని. మెడ పట్టేస్తుంది గానీ వంక పెట్టడానికి లేదు.

తొమ్మిదేళ్లుగా రోజుకూలీ మీదే ఉన్నాను. ఆగస్టు ఒకటికి పర్మనెంట్ చేస్తానని మేనేజరు మాటిచ్చాడు. అది అయితే గేటు పక్కన రెండు గదుల క్వార్టరు ఇస్తారు. ఇప్పుడు నేను పడుకునేది పెయింటు డబ్బాల గదిలో. అక్కడ నీ మరదలిని ఎక్కడ ఉంచను? పెళ్లయి నాలుగేళ్లయింది. తను వాళ్లమ్మ దగ్గర, నేను డబ్బాల దగ్గర. కలిసి ఉన్న రోజులు వేళ్ల మీద లెక్కపెట్టచ్చు.

ఇక అవసరం. ట్రాన్స్‌మిటర్ లోపల ఎనిమిది సెల్స్ కలిపి కట్టిన బ్యాటరీ ప్యాక్ ఉంటుంది. మా దానికి ముసలితనం వచ్చేసింది. రాత్రంతా ఛార్జింగ్‌లో పెడితే పొద్దున మీటరు ముల్లు పచ్చగీత మీద దర్జాగా నిలబడుతుంది. నలభై నిమిషాలు ఎగరేసేసరికి ఎర్రగీతలోకి జారిపోతుంది. ఎర్రగీత కూడా దాటిందా, డేగకి నా మాట అందదు, ఎక్కడ పడుతుందో నాకూ తెలియదు. అందుకే రోజుకి మూడు నాలుగుసార్లు దించేసి గోడ ప్లగ్గుకి తగిలిస్తున్నాను. ఆ ఖాళీ గంటల్లో పక్షులొచ్చి నా కాళ్ల ముందే షికార్లు చేస్తున్నాయి. కొత్త ప్యాక్ కావాలని కిందటేడే కాగితం పెట్టాను. స్టోరు గుమాస్తా "పైకి పంపానండీ" అంటాడు. ఆ పైన ఎవరున్నారో దేవుడికే తెలియాలి.

నువ్వు పొద్దస్తమానం బ్యాటరీ ప్యాకులే అతుకుతావు కదా. ఒకటి చేసి పంపవా? కొలతలు వెనక గీశాను. ఈ ఒక్కటీ చేశావంటే నా ఇల్లు నిలబెట్టినట్టే.

మెడ పట్టేసిన నీ తమ్ముడు


జూన్ 12

డేగలవాడికి,

ఊరికే అయితే రెండు వాక్యాలు, అవసరమైతే రెండు పేజీలు. చిన్నప్పటి నుంచీ ఇదే బుద్ధి నీది. బావకి చదివి వినిపించాను. అంతా విని "అంటే మీవాడు గాలిపటం ఎగరేసినందుకు జీతం తీసుకుంటాడన్నమాట" అన్నారు.

ప్యాక్ పంపుతున్నాను. మా షెడ్డులోకి ఇప్పుడు కొత్త రకం సెల్స్ వచ్చాయి. సైజు పాతదే, లోపల పట్టేది మాత్రం మూడింతలు. యజమానిని అడిగి ఎనిమిది నేనే కొనుక్కున్నాను. ఎనిమిదీ ఒక్కలా ఉండేవి రావడానికి ముప్ఫై కొలిచి ఏరాను. బయటికి అమ్మేవాటికి కూడా మేం అంత ఏరం. నికెల్ పట్టీలు వేసి, ప్రతి చోటా రెండు సార్లు వెల్డింగ్ కొట్టి, ఊడుతుందేమోనని కటింగ్ ప్లయరుతో లాగి చూశాను. మా మేస్త్రి వెనక నుంచొచ్చి "ఏంటమ్మా, ఎవరికింత మర్యాద?" అన్నాడు. "మా తమ్ముడికి. వాడిది ఆకాశంలో ఉద్యోగం" అన్నాను. షెడ్డంతా నవ్వారు. నేనూ నవ్వాను గానీ లోపల గొప్పగానే ఉంది.

ఎర్ర వైరు ఎర్రదానికే తగిలించు. తొందరలో తిరగేసి పెట్టావంటే ట్రాన్స్‌మిటర్ కాలిపోతుంది. ఇక్కడే నిండా ఛార్జి చేసి పంపుతున్నాను కాబట్టి అందిన రోజే వాడుకోవచ్చు. తర్వాత ఒక్క రాత్రి పెట్టు, చాలు. మేం సాయంత్రం ఇంటికొచ్చేటప్పుడు బల్ల మీద వరసగా తగిలించి వస్తాం, పొద్దున వెళ్లేసరికి నిండి ఉంటాయి. ఇక పగటి పూట గోడకి తగిలించే గోల నీకు లేదు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా కడుపునిండా ఎగరేసుకో.

క్వార్టరు తాళం చేతికి రాగానే నాకు రాయి. మరదలికి మొదటి రోజు పొయ్యి వెలిగించేటప్పుడు నేను పక్కన ఉండాలి.

నీ అక్క


జూన్ 24

అక్కా,

నీ చేతులకి దండం పెట్టాలి. పది రోజుల్లో ముల్లు పచ్చగీత మీద నుంచి వెంట్రుకవాసి కదల్లేదు. పొద్దున రెండు గంటలు ఎగరేస్తున్నాను. ఈ నెల పక్షులు తక్కువ, వాటి అసలు రాక జూలైలో. నువ్వన్నట్టే రాత్రి తొమ్మిదింటికి ప్లగ్గులో పెట్టి పొద్దున ఏడింటికి తీస్తున్నాను.

ఒక చిన్న దొంగపని చేశాను, తిట్టకు. ఆఫీసు సామానులో బయటి వస్తువు పెట్టకూడదని ఇక్కడ రూలు. అందుకని పాత ప్యాక్ మీదున్న స్టోరు చీటీని టీ కెటిల్ ఆవిరి మీద పట్టి ఊడదీసి నీ ప్యాక్ మీద అంటించాను. నంబరుతో సహా అచ్చం అదే. పాతదాన్ని బయట పారేశాను. గుమాస్తా కూడా చూసి "ఇంకా బానే పనిచేస్తోందే ఈ ముసలిది" అన్నాడు. నవ్వాపుకోలేక నా తల ప్రాణం తోకకొచ్చింది.

ఆదివారం నీ మరదలొచ్చింది. క్వార్టరు తాళం వేసే ఉంది. కిటికీ రెక్క ఊడిపోతే అందులోంచి తొంగి చూసింది. చాలాసేపు చూసి "ఈ రెక్క బిగించాలి, లేకపోతే వంటగదిలోకి దుమ్ము కొడుతుంది" అంది. నాలుగేళ్లలో తన నోట "వంటగది" అన్న మాట వినడం అదే మొదలు. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

నీ ఆకాశం ఉద్యోగి


జూలై 7

అక్కా,

కొంప మునిగింది.

ఈ వారం పక్షులు దండుగా దిగాయి. నాలుగు రోజులుగా పొద్దున్నుంచి చీకటి పడే దాకా ఎగరేశాను. నిన్న మధ్యాహ్నం మూడింటికి ఒక విమానం దిగడానికి వస్తోంది. ముల్లు పచ్చగీత మీదే ఉంది, ఒట్టేసి చెప్తున్నాను. ఉన్నట్టుండి పడిపోయింది. పుల్లలు ఎంత కదిపినా డేగ వినలేదు. గుండ్రంగా రెండు చుట్లు తిరిగి పోయి రన్‌వే నడిమధ్యన పడింది. పైలట్ ఆఖరి క్షణంలో చూసి విమానాన్ని మళ్లీ పైకి లేపేశాడు. లోపల ఆరుగురున్నారట. ఎవరికీ ఏమీ కాలేదు.

మేనేజరు ట్రాన్స్‌మిటర్ తీసుకెళ్లి బీరువాలో పెట్టి తాళం వేశాడు. విచారణ ఉంటుందన్నాడు.

ఒక మాట అడుగుతాను. మీ షెడ్డులో పనికిరాని సెల్స్ బకెట్‌లో పారేస్తారని, అందులోంచి బాగున్నవి ఏరి ఇంట్లో టార్చిలైటుకి తెస్తానని ఓసారి చెప్పావు. ఇవీ అవేనా? నిజం చెప్పు. నేనేమీ అనుకోను.

తమ్ముడు


జూలై 11

నువ్వేమీ అనుకోవా? ఎంత పెద్ద మనసు! నేను మాత్రం చాలా అనుకుంటున్నాను.

విమానం సంగతి చదివాను. ఆరుగురికీ ఏం కాలేదన్న వాక్యం దాకా వచ్చేసరికి నా చేతిలో కాగితం తడిసిపోయింది. ఆ తర్వాత నీ ప్రశ్న చదివాను. బకెట్‌లో సెల్స్ తెచ్చి తమ్ముడికి అతుకుతానా? పన్నెండేళ్లుగా ఈ పని చేస్తున్నాను. నా చేతి ప్యాక్ ఒక్కటంటే ఒక్కటి వెనక్కి రాలేదు. ముప్ఫై కొలిచి ఎనిమిది ఏరానని రాశాను కదా, అది చదవలేదా, చదివీ నమ్మలేదా?

నీ సంగతి నాకు తెలియదా? స్కూలుకెళ్తూ పలక మర్చిపోయేవాడివి, పలక గుర్తుంటే చెప్పులు మర్చిపోయేవాడివి. ప్లగ్గులో పెట్టి స్విచ్చి వేయడం మర్చిపోయి ఉంటావు. గుండె మీద చెయ్యేసుకుని చెప్పు.

కోపంలో రాస్తున్నాను, అయినా పని మాట పనే. నీ ఛార్జరు తిరగేసి చూడు. అడుగున చీటీ మీద ఏం రాసి ఉందో అక్షరం పొల్లుపోకుండా రాసి పంపు. నా అతుకు ఊడిందో, నీ స్విచ్చి పడలేదో అప్పుడు తేలుతుంది.

అక్క


జూలై 14

అక్కా,

స్విచ్చి వేశాను. ప్రతి రాత్రీ వేశాను. ఎర్రలైటు వెలగడం చూసి గానీ నడుం వాల్చలేదు. పలక మర్చిపోయినవాడికి ఇప్పుడు ముప్ఫై ఆరేళ్లు.

నీ సెల్స్ మంచివే అయితే మంచిదే. ఛార్జరు మా ట్రాన్స్‌మిటర్‌తో మొదట్లో వచ్చినదే, అరచేతిలో పట్టేంత నల్లడబ్బా. అడుగున "60 మిల్లీ ఆంప్స్" అని ఉంది. ఇంకేం లేదు.

విచారణ ఇరవై రెండున. రాతపూర్వకంగా జవాబివ్వమన్నారు. ఏం రాయాలో తెలియడం లేదు. పర్మనెంట్ ఫైలు మేనేజరు టేబుల్ మీదే ఆగిపోయింది. నీ మరదలికి ఇంకా చెప్పలేదు.

ఇక నన్నేమీ అడగకు.

తమ్ముడు


జూలై 18

నాయనా,

నువ్వు స్విచ్చి వేశావు. నా అతుకూ ఊడలేదు. తప్పు నా ఉత్తరంలో ఉంది.

నీ ఛార్జరు గంటకి అరవై పోస్తుంది. పాత సెల్ పట్టేది ఆరువందలు. వేడి కింద పోయేది కలుపుకుంటే పధ్నాలుగు గంటల్లో నిండేది. నేను పంపిన సెల్ పట్టేది పద్దెనిమిది వందలు. నీ నల్లడబ్బాతో అది నిండాలంటే నలభై గంటల పైమాటే. దాదాపు రెండు రాత్రులూ రెండు పగళ్లూ. ఒక్క రాత్రి చాలని రాసింది నేను. మా బల్ల మీద ఛార్జరుకి, రేడియోకి ఉన్నట్టు, తిప్పే బిరడా ఒకటి ఉంటుంది. ఏ సెల్‌కి ఎంత కావాలో చూసి దాన్ని తిప్పుతాం. రోజుకి వందసార్లు తిప్పే చెయ్యి నాది. నీకు అలాంటిది ఉండదేమోనన్న ఆలోచనే రాలేదు.

నిండుగా పంపాను కాబట్టి జూన్‌లో నీకు తేడా తెలియలేదు. రెండు గంటలు వాడావు, రాత్రికి ఆ కాస్తా పూడింది. ఈ నెలలో పగలంతా తోడావు, రాత్రి చారెడు పోశావు. నాలుగు రోజుల్లో అడుగంటింది. ఈ కొత్త రకం చివరిదాకా పచ్చగీత మీదే నిలబడి ఒక్కసారిగా చస్తుంది. ఆ సంగతీ నాకు తెలుసు, నీకు చెప్పలేదు. అంతా తెలిసిన దాన్ని నేను, నిన్ను స్విచ్చి వేశావా అని అడిగాను. ఆ ఆరుగురి ముఖాలు ఎలా ఉంటాయో తెలియదు గానీ కళ్ల ముందు నుంచి పోవట్లేదు.

నువ్వు నోట్లో నాలుక లేనివాడివి. అక్క పేరు బయటికి రాకూడదని నెపం నీ నెత్తినే వేసుకుంటావు. ఆ పని నిన్ను చేయనివ్వను. ఈ పొద్దున మీ మేనేజరుకి రిజిస్టర్డ్ పోస్టులో ఉత్తరం వేశాను. ప్యాక్ నేను చేసి పంపానని, ఛార్జింగ్ లెక్క తప్పు చెప్పింది నేనేనని, మా తమ్ముడు నా మాట విని చేశాడు తప్ప వాడికి ఏ పాపం తెలియదని రాశాను. లెక్క మొత్తం వేసి చూపించాను. మా షెడ్డు చిరునామా కూడా ఇచ్చాను, అనుమానం ఉంటే యజమానిని అడగమన్నాను. విచారణ నాటికి అందుతుంది.

గుండెల మీద బరువు దిగింది. ఇక నువ్వు కంటినిండా నిద్రపో.

అక్క


జూలై 19

అక్కా,

కబురు బాగుంది కాబట్టి ముందు కబురే.

విచారణ ముందుకి జరిపి నిన్ననే పెట్టేశారు. ట్రాన్స్‌మిటర్‌లో ఉన్నది ఆఫీసు వారిచ్చిన పాత ప్యాకేనని, కొత్తదాని కోసం ఏడాది కిందటే కాగితం పెట్టానని రాసిచ్చాను. మేనేజరు మూత తీసి చీటీ నంబరు చూశాడు. రిజిస్టరులో చూసిన గుమాస్తా, అది తానిచ్చిందేనని సంతకం పెట్టాడు, పాపం, నమ్మే పెట్టాడు. మేనేజరు "తప్పు నీది కాదయ్యా, ఆ ముసలి బ్యాటరీది. కాగితం ఆపినందుకు మమ్మల్ని అనాలి" అన్నాడు. ఫైలు సోమవారం సంతకానికి వెళ్తోంది, సంతకం పడగానే క్వార్టరు తాళం ముందే ఇచ్చేస్తానన్నాడు. నేను బయటికొచ్చి పంపు కింద తల పెట్టి ఎంతసేపు నిలబడ్డానో తెలియదు.

మొన్నటి మాటకి నన్ను క్షమించు. బకెట్ అన్న నోరు నాది కాదు, భయంది. ఆ సెల్స్ ఎందుకు పోయాయో నాకిక అక్కర్లేదు. నువ్వు మాత్రం ఎవరి దగ్గరా నోరు మెదపకు, బావ దగ్గర కూడా. ఇరవై ఐదున సామాను తీసుకుని వచ్చేయమని నీ మరదలికి రాశాను. పొయ్యి వెలిగించడానికి నువ్వు రావాలి.

నీ ఆకాశం ఉద్యోగి


జూలై 22

తమ్ముడూ,

నీ ఉత్తరం ఇప్పుడే చదివాను. మెషిన్ మీద పని అలాగే వదిలేసి పోస్టాఫీసుకి పరిగెత్తాను. కౌంటరాయన "పద్దెనిమిదో తారీకు సంచిలోనే పోయిందమ్మా, ఈ పాటికి అందే ఉంటుంది" అన్నాడు. వెనక్కి తెప్పించండి బాబూ అన్నాను. "సంచి కట్టాక మా చేతిలో ఏముంది?" అన్నాడు. నా వెనక వరస పెరిగిపోతోంది, నేను పక్కకి జరగలేకపోయాను.

ఫోను చేద్దామంటే అక్కడ ఎత్తేది మీ మేనేజరే. ఎత్తితే ఏమని చెప్పను?

కవరు నీలిరంగుది. టపా వచ్చే వేళకి గేటు దగ్గర నిలబడు. ఇది నీకు చేరేసరికి అది చేరి మూడు రోజులవుతుందని తెలుసు. అయినా రాస్తున్నాను. రాయకుండా ఉండలేక రాస్తున్నాను.

అక్క


ఆగస్టు 3

అక్కా,

నీ ఉత్తరం సోమవారం పొద్దున, ఫైలు సంతకానికి వెళ్లే గంట ముందు వచ్చింది. మేనేజరు నన్నూ గుమాస్తానీ నిలబెట్టి మొత్తం చదివాడు. లెక్క దగ్గర ఆగి రెండోసారి చదివాడు. తర్వాత ప్యాక్ మీద చీటీని గోటితో గీకాడు. "మీ అక్క నిజాయితీ గల మనిషి. ఉత్తరంలో ఎక్కడా దాపరికం లేదు. నీకెందుకయ్యా అది రాలేదు?" అన్నాడు. అరిస్తే బాగుండేది. చాలా మెల్లగా అన్నాడు. బ్యాటరీ మార్చినందుకు కాదట, రాతపూర్వకంగా అబద్ధమాడినందుకట. ఆ రోజే తీసేశారు. గుమాస్తాని సస్పెండ్ చేశారు. ఆయన రిటైర్మెంటుకి ఎనిమిది నెలలుంది. వెళ్తూ నా వైపు చూడలేదు.

నీ మరదలికి కబురు పంపాను గానీ అందేలోపే ఇరవై ఐదున బయలుదేరి వచ్చేసింది. గిన్నెలు, పరుపు, కిటికీ రెక్కకి మేకులు కూడా తెచ్చుకుంది. వాచ్‌మన్ గేటు దగ్గర ఆపేశాడు. నేను వెళ్లేసరికి రోడ్డు పక్కన పరుపుచుట్ట మీద కూర్చుని ఉంది. చెప్పాను. మళ్లీ బస్సు ఎప్పుడని వాచ్‌మన్‌ని అడిగింది, నన్ను అడగలేదు. బస్సెక్కాక నేను సామాను అందిస్తే తీసుకుంది. కిటికీలోంచి చూస్తుందేమోనని బస్సు మలుపు తిరిగే దాకా నిలబడ్డాను. చూడలేదు.

మీ యజమానికి కూడా ఏదో రాస్తామన్నారు, షెడ్డు చిరునామా ఇచ్చావు కదా. నీకేమైందో నాకు తెలియదు. తెలుసుకునే ధైర్యం లేదు.

కోపం లేదని రాద్దామని కూర్చున్నాను. మూడు కాగితాలు చించాను. ఉందక్కా, చాలా ఉంది. నువ్వు అబద్ధమాడి ఉంటే తిట్టి ఊరుకునేవాడిని. నువ్వు నిజం చెప్పావు, అదీ నా కోసం. తిట్టడానికి నోరు రావడం లేదు, ఊరుకోవడానికి మనసు రావడం లేదు.

ఎక్కడికి వెళ్తున్నానో రాయడం లేదు. తెలిస్తే నా తరఫున అక్కడ ఎవరికో ఒకరికి ఉత్తరం రాస్తావు.

తమ్ముడు